వెచ్చగా ఉన్న ఆ ఒక్క గది

సిటీ శివార్లో, వెర్రిబీలో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరైనా సిటీ వదిలి పల్లెలో ఇల్లు కొనుక్కుంటామని అంటే చాలు, ఒక కథ బయటికొస్తుంది. ప్రాణస్నేహితుడి మాట నమ్మి పల్లెకి వెళ్ళి, చలికి బిగుసుకుపోయిన ఒకాయన కథ. విన్నవాళ్ళు నవ్వుతారు. చివర్లో ఆ స్నేహితుణ్ణి నాలుగు మాటలంటారు.

ఆ మోసపోయినవాణ్ణి నేనే. ఆ కథని ఇంటింటికీ తిప్పిందీ నేనే. అందులో అబద్ధం లేదు. కానీ సగంలో ఆపేశాను. మిగతా సగం నా భార్యకీ, ఆ స్నేహితుడికీ, స్కోఫీల్డ్స్ అనే చోట ఉండే ఒక కుర్ర జంటకీ తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

వాడూ నేనూ ఒంగోలు నుంచి ఒకే ఏడాది ఈ దేశానికి చదువుకని వచ్చాం. ఒకే గదిలో కిక్కిరిసి పడుకున్నాం. ఒకరి యూనిఫాం ఒకరం వేసుకుని పెట్రోల్ బంకులో షిఫ్టులు చేశాం. నాకు ఉద్యోగం పోయిన ఏడాది మా కుటుంబాన్నంతటినీ వాళ్ళింట్లో పెట్టుకుని, ఎన్నాళ్ళుంటారని ఒక్కసారి కూడా అడగలేదు. మేం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకున్న గుర్తే లేదు. "మామా" అంటే వాడు, "మామా" అంటే నేను.

తర్వాత వాడికి బల్లరాట్ ఊరు దాటి చాలా లోపల, ఒక చీజ్ ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకునే ఉద్యోగం వచ్చింది. పెళ్ళాం పిల్లలతో అక్కడే ఇల్లు కొనుక్కున్నాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు.

"ఎలా ఉందిరా?"

"స్వర్గం మామా. కంగారూలు వచ్చి మన గుమ్మంలో నిలబడతాయి."

"చలి?"

"అంత చలేం ఉండదు. కట్టెల హీటర్ వెలిగించామంటే చొక్కా విప్పుకుని తిరగాల్సిందే."

వెంటనే ఒక ఫొటో వచ్చేది. అద్దం వెనక నారింజరంగు మంట, దాని ముందు తివాచీ మీద బనీన్లతో పడుకున్న వాడి పిల్లలు. ఆ ఫొటో చూసి నేనూ నా భార్యా ఎన్ని సాయంత్రాలు మాట్లాడుకున్నామో. వాడి పక్కిల్లు అమ్మకానికొచ్చింది. ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఉందని నా భార్యకి తెలిసింది. నా పని ఎలాగూ ఇంటినుంచే.

ఇల్లు చూడ్డానికి వెళ్ళింది ఎండాకాలం చివర్లో. చెక్కగోడల పాత ఇల్లు. నేలకి ఎత్తుగా దుంగల మీద నిలబెట్టారు. ఎత్తైన పైకప్పు, గోడల పైభాగంలో గాలి ఆడే రంధ్రాలు, నాలుగు వైపులా వెడల్పాటి వరండా, ముందు తలుపు తెరిస్తే వెనక తలుపు దాకా సూటిగా నడవా. నా భార్య ఆ నడవాలో నిలబడింది. చున్నీ ఎగురుతోంది.

"ఎంత గాలండీ! మా ఇంట్లో డాబా మీద కూడా ఇంత గాలి ఆడదు."

ఇల్లంటే గాలి ఆడాలి. ఎండ లోపలికి రాకూడదు. ఇంటిని చూడ్డానికి మాకు తెలిసిన కొలత అదొక్కటే, పుట్టిన ఊరు నేర్పింది. ఆ గాలి చలికాలంలో ఎక్కడికి పోతుందని మాలో ఎవరికీ తట్టలేదు. వాడికి తట్టి ఉండాలి. పక్కనే నిలబడి ఆ రంధ్రాల వంక చూశాడు. ఏమీ అనలేదు. ఆ చూపు నాకు తర్వాత గుర్తొచ్చింది.

వెర్రిబీ వదిలి ఆ ఇల్లు కొని దిగాం; చలి మొదలయ్యాక చలి గురించి నా చదువు మొదలైంది. ఊరవతల ఉన్న ఆ ఇళ్ళకి గ్యాస్ పైపు రాదు. వంటింటి గోడకి ఆనించి నిలువెత్తు సిలిండర్లు రెండుంటాయి. అవి వంటకీ వేణ్ణీళ్ళకీ సరిపోతాయి గానీ, వాటితో ఇల్లు వెచ్చబెడదామంటే కొత్త సిలిండర్ల లారీ వచ్చేలోపే అయిపోతాయి. గోడమీది ఏసీ వేడిగాలి కూడా ఇస్తుంది. కానీ గడ్డిమీద తెల్లగా మంచు పేరుకున్న పొద్దున, అంటే దాని అవసరం బాగా ఉన్నప్పుడే, బయటి పెట్టెకి మంచు పట్టి, అది కరిగేదాకా ఆగిపోతుంది. ప్లగ్గుకి పెట్టే ఆయిల్ హీటర్ పక్కన కూర్చుంటే ఒక మోకాలు కాలుతుంది, రెండోది చల్లగానే ఉంటుంది. చివరికి మిగిలింది ముందుగదిలోని కట్టెల హీటర్.

లోడు కట్టెలు తెప్పించాను. అవి మండలేదు, బుసలు కొట్టాయి. చివర్లనుంచి నురగ కారింది. అద్దం నల్లగా మసిబారింది. వాడొచ్చి చూసి, రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టాడు. మెత్తగా దబ్బుమంది. తన ట్రెయిలర్లోంచి మరో రెండు తీసి కొట్టాడు. ఖంగుమంది.

"విన్నావా? నీవి పచ్చివి. రెండు ఎండాకాలాలు ఎండాలి. నువ్వు కాలుస్తోంది కట్టెల్ని కాదు మామా, నీళ్ళని."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే వచ్చేవాడివా?"

పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ చలికాలమంతా వాడే ఎండుకట్టెలు తెచ్చి పోశాడు. నీకెలా అంటే, నాకు బోలెడున్నాయనేవాడు. అయినా మా ఇంట్లో వెచ్చగా ఉండేది ముందుగది ఒక్కటే. నడవాలోకి అడుగుపెడితే ఊపిరి పొగలా కనిపించేది. మా అమ్మాయి బడినుంచి వచ్చి, కోటు విప్పబోయి ఆగి, "డాడ్, ఇట్స్ వార్మర్ అవుట్‌సైడ్" అనేది. సీసాలో కొబ్బరినూనె రాయిలా ఉండేది. ఇడ్లీపిండి పులిసేది కాదు. నా భార్య గిన్నెకి తువ్వాలు చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు హీటర్ ముందు పెట్టేది.

"అన్నయ్యా, మీ ఇంట్లో పిండి ఎలా పులుస్తుంది?" అని వాణ్ణి అడిగింది.

"మీ వదినకే తెలుసమ్మా. వచ్చాక అడుగుదువుగాని."

వాడి భార్యా పిల్లలూ సిటీకి అటువైపు శివార్లో, క్రాన్‌బర్న్‌లో, ఆవిడ అక్కగారింట్లో ఉన్నారు. పెద్దవాడికి మంచి గవర్నమెంటు బడిలో సీటు కోసం రాసే సెలెక్టివ్ స్కూల్ పరీక్షకి కోచింగ్ అన్నాడు. మనవాళ్ళలో ఆ మాటకి ఎదురు ప్రశ్న ఉండదు. మేమూ వేయలేదు.

ఒక శనివారం పొద్దున పిండి పొంగింది. నా భార్య ముఖం వెలిగిపోయింది. వేడివేడి ఇడ్లీలు హాట్‌ప్యాక్‌లో సర్ది, "ముందు అన్నయ్యకిచ్చి రండి" అంది.

వాడి వెనక తలుపు ఎప్పట్లాగే గడియ లేకుండా ఉంది. లోపల బయటికంటే చల్లగా ఉంది. కట్టెల హీటర్లో బూడిద కూడా లేదు. పిల్లల గది తలుపు తీశాను. మంచాల్లేవు. అలమర ఖాళీ. కిటికీ కింద గోడంతా నల్లటి బూజు. నడవా చివర చిన్నగది తలుపు కింది సందులో తువ్వాలు కుక్కి ఉంది. తోశాను. మంచం మీద, కరెంటు దుప్పటి కింద, ఉన్నిటోపీ పెట్టుకుని వాడు. పక్కన నేలమీద రైస్ కుక్కర్. కిటికీలోంచి వెనకున్న కట్టెలకొట్టు కనిపిస్తోంది. అందులో ఒక్క కట్టె లేదు.

"మీ ఆవిడేదిరా?"

"కోచింగని చెప్పాగా."

"మంచాలు కూడా కోచింగ్‌కే వెళ్ళాయా?"

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పోయినేడాది చలికే వెళ్ళిపోయింది మామా. చిన్నదానికి దగ్గు తగ్గలేదు. ఉంటే నువ్వుండు, నావల్ల కాదంది."

"మరి ఆ ఫొటోలు?"

"మొదటేడాదివి. ఈ ఇంట్లో వెచ్చగా ఉండేది హీటరున్న గదొక్కటే. అక్కడే తీసేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పక్కకొస్తే, చెల్లెమ్మ ఇక్కడ కుదురుకుంటే, అది చూసి మా ఆవిడ కూడా వస్తుందనుకున్నా."

నేను ఉద్యోగం లేకుండా వాళ్ళింట్లో ఉన్న ఏడాది కూడా వాడి ముందు నేనింత చిన్నవాణ్ణని అనిపించలేదు. నా భార్యనీ, కూతుర్నీ, నా ఇంటినీ వాడు తన భార్యకి ఎరగా వేశాడు. ఇరవై ఏళ్ళ స్నేహంలో నేనెప్పుడూ తరచి చూడనిది ఒక్కటే, వాడు చెబితే అది నిజమేనన్నది. దాన్నే వాడాడు. ఏదో ఒకటి అని తిట్టి ఉంటే పోయేది. హాట్‌ప్యాక్ తీసుకుని వెనక్కొచ్చేశాను. ఇడ్లీలు కూడా పెట్టలేదు.

వెర్రిబీలో ఒక పుట్టినరోజు బార్బెక్యూలో మొదటిసారి ఆ కథ చెప్పాను. బాగా చెప్పాను. చొక్కా విప్పుకుని తిరగాలన్న దగ్గర ఆగి, మా అమ్మాయి గ్లవ్స్ వేసుకుని హోంవర్క్ రాయడం చూపించాను. అందరూ విరగబడి నవ్వారు. ఎవరో మా వాట్సాప్ గ్రూపులో మంచుగడ్డ బొమ్మ పెట్టి, "మామా రా, స్వర్గం" అని రాశారు. దానికింద వరసగా నవ్వు బొమ్మలు. అందులో నాదీ ఒకటి. కాసేపటికి వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. చలి తగ్గగానే ఇల్లు అమ్మకానికి పెట్టి క్రాన్‌బర్న్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మా గుమ్మం దాకా రాలేదు. వచ్చినా నేను తలుపు తీసేవాణ్ణి కాదు. ఆ చలికాలం చివరిదాకా మా హీటర్లో మండింది మాత్రం వాడి కట్టెలే. కథలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

మేం వెర్రిబీకి వెనక్కి వెళ్ళలేదు. నా భార్యకి ఆసుపత్రి నచ్చింది. అమ్మాయికి స్నేహితులయ్యారు. గోడల్లో రంధ్రాలు మూయించాం. నేల కింద చలిని ఆపే దూదిపరుపులాంటిది కట్టించాం. కిటికీలకి నేలదాకా దిగే మందపాటి తెరలు వేశాం. ఈ దేశంలో చలికాలపు ఎండ ఉత్తరంనుంచి వస్తుందని తెలుసుకుని, ఆవైపు వరండా రేకులు తీసి అద్దంలాంటి రేకులు వేయించాం. ముందుగదిలో చలి తగ్గింది. తక్కిన ఇంట్లో కాస్త తగ్గింది.

తగ్గనిది పక్కింటి చీకటి. సాయంత్రం కిటికీలోంచి చూస్తే అటువైపు దీపం ఉండేది కాదు. తెలుగు మాట వినాలంటే మా ఇద్దరి గొంతులే. "ఎవరైనా మనవాళ్ళు కొంటే బాగుండు" అనేది నా భార్య.

ఒకరోజు స్కోఫీల్డ్స్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నిజామాబాద్ వైపు మాట.

"అంకుల్, మీ పక్కిల్లు చూసి వచ్చినం. ఓనర్ అంకుల్ మీ నంబర్ ఇచ్చిండు. మీకు తెల్సు కదా, అక్కడ చలి మస్తుంటదా? మా బాబు ఇంకా చిన్నోడు."

నా నంబరిచ్చాడని వినగానే ఒళ్ళు మండింది. మళ్ళీ నన్నే వాడుకుంటున్నాడు, నా నోటితో ఇల్లు అమ్మించుకుంటున్నాడు అనుకున్నాను. ఆ కోపంలో నిజం చెప్పెయ్యడం ఎంత తేలికో. కానీ వెనకాల ఆ అమ్మాయి కొడుకు తెలుగులో "అమ్మా, పాలు" అంటున్నాడు. చీకటి కిటికీ కళ్ళముందుకొచ్చింది.

"అబ్బే, అంత చలేం ఉండదమ్మా. కట్టెల హీటర్ ఉందిగా. వెలిగిస్తే చొక్కా విప్పుకుని తిరగాల్సిందే."

"అట్లనా అంకుల్. సరే" అని పెట్టేసింది.

చపాతీలు వత్తుతున్న నా భార్య చెయ్యి ఆగింది.

"ఆ చొక్కా మాట ఎవరిదో గుర్తుందా?"

"వాళ్ళొస్తే నీకు తోడుగా ఉంటారని…"

"నా మీద పెట్టకండి. ఆ అన్నయ్య కూడా పెళ్ళాం కోసమేగా చెప్పింది."

మర్నాడు పొద్దున నేనే ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. పిల్లల గదిలో బూజు, నేలకింద గాలి, ఆగిపోయే ఏసీ, కొట్టులో కట్టె లేకపోవడం, ఇప్పుడు కొంటే అవి ఎప్పటికి ఎండుతాయో. చిన్నపిల్లాడితో మొదటి చలికాలం కష్టమమ్మా అన్నాను. చెబుతుంటే మనసు తేలికైంది. వాడిలా కాకుండా నేను ఒక్కరోజులోనే సరిదిద్దుకున్నానని కూడా అనిపించింది.

ఆ అమ్మాయి చివరిదాకా విన్నది.

"ఇవన్నీ ఓనర్ అంకుల్ ముందే చెప్పిండు. బూజు ఫొటో గూడ పంపిండు. చలి తట్టుకోలేకనే మా ఇంటామె ఇల్లు విడిచి పోయిందని చెప్పిండు."

"మరి నాకెందుకు ఫోన్ చేశారమ్మా?"

"ఆయననే చెయ్యమన్నడు. నేను ఒకసారి అబద్ధమాడిన, నా మాట నమ్మకున్నా పర్వాలేదు, పక్కింటాయన్ని అడగండి, ఆయన ఉన్నదున్నట్టు చెప్తడు అన్నడు. నిన్న మీరు అట్ల అనేసరికి మాకేం సమజ్ కాలే."

దెప్పిపొడవడానికి అన్నది కాదు. ఆ పిల్లకి నిజంగానే అర్థం కాలేదు.

వాళ్ళు కొనలేదు. వాడు నాకు చేసింది మోసం. ఇప్పటికీ నాకది మోసమే. కానీ వెర్రిబీలో నేను నవ్వించినవాళ్ళెవరికీ తెలియనిది ఇది. నేను వాడి పరువు తీస్తూ తిరుగుతున్న రోజుల్లో, వాడు నా మాటకి పూచీ పడ్డాడు. ఆ నమ్మకాన్ని నేను ఒక్క వాక్యంతో పోగొట్టాను, అదీ వాడి వాక్యంతోనే.

ఆ మధ్యాహ్నం వాడికి ఫోన్ చేశాను. ఎత్తుతాడనుకోలేదు.

"నేనూ వాళ్ళతో నీ చొక్కా మాటే చెప్పాన్రా" అన్నాను.

"తెలుసు. ఆ అమ్మాయి వెంటనే నాకు చేసింది. ఇద్దర్లో ఎవరిది నిజమని అడిగింది."

"ఏం చెప్పావ్?"

"నాదే నిజమన్నాను. ఆయన అబద్ధాలకోరు కాదమ్మా, పాపం ఒంటరిగా ఉన్నాడన్నాను."

నేనేదో చెప్పబోయాను. వెనకాల వాడి చిన్నకూతురు ఎందుకో గట్టిగా నవ్వుతోంది. దగ్గు లేదు.

"సరే, షిఫ్ట్ టైమైంది. ఉంటాను" అన్నాడు. మామా అనలేదు.