పడమటి అద్దం, పైకప్పు కుండలు

నర్మెట్ట దగ్గరి మా ఊళ్లో బస్సు రోడ్డు పక్కన కొత్త ఇల్లు కట్టాలనుకున్నప్పుడు నాకు ఒకటే పట్టుదల. పడమటి గోడంతా అద్దం ఉండాలి. దొరలుగా మా తాతలు ఏలిన కోటలాంటి గడి కూలగా ఒక్క గదే మిగిలింది. మేము మాత్రం కూలలేదని రోడ్డు మీద పోయేవాళ్లకు తెలియాలి.

జనగామ ఇంజనీరమ్మ ఒప్పుకోలేదు. ఆమె భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడి కూతురు. కొత్త ఇళ్లకు కరెంటు పొదుపు నియమాలున్నాయట. గోడలు, కిటికీలు, కప్పు లోపలికి ఎంత వేడి రానివ్వవచ్చో వాటిలో ఉంటుందట.

"పడమటి ఎండకు గింత అద్దమా సార్? పైన ఉత్త స్లాబు. ఇల్లు పొయ్యి అయితది. నేను ప్లాను మీద సంతకం పెట్ట."

"ఏసీలు పెట్టుకుంటం."

"అవి ఎంతసేపు తిరగాల్నో గదే కద సార్ లెక్క! మా క్వార్టర్ల ఎండాకాలం దుప్పట్లు తడిపి కప్పుకున్నం. నాకు తెల్వదా?"

మా పాత గది నడివేసవిలోనూ చల్లగా ఉంటుందని, మా తాతలకు ఏ నియమాలూ అక్కర్లేకపోయాయని అన్నాను.

"ఎట్ల సల్లగుంటది?" అని అడిగింది.

అరవై ఏళ్లలో నాకా ప్రశ్న రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చి ఆ పాత గది గోడలకు అరచేయి ఆనించి చూసింది. నేనూ ఆనించాను. పడమటి వైపు ఎత్తులో చిన్న కిటికీ ఒక్కటే. ఆడవాళ్లు బయటికి కనిపించకూడదని అలా పెట్టారని విన్నాను. ఎండ సంగతి ఎవరూ చెప్పలేదు. కప్పు పెచ్చు ఊడిన చోట ఆమె టార్చి వేసింది. సున్నంలో వరుసగా బోర్లించిన కుండలు! వాటిలోని గాలే ఎండ వేడిని ఆపుతోందట. నిచ్చెన ఎక్కి ఒకదాన్ని తట్టాను. ఖంగుమంది.

"కొత్త స్లాబు మీద గిట్లనే బోర్లిద్దాం సార్. లెక్క కట్టి చూస్త. కుండలు ఎవలు చేస్తరు?"

ఊళ్లో కుమ్మరి ఇల్లు ఒక్కటే మిగిలింది. మా ఇంటి రివాజు ప్రకారం రమ్మని కబురు పంపాను. "పనున్నోళ్లే వస్తరు" అని జవాబొచ్చింది. మూడు రోజులు బిగుసుకుని కూర్చున్నాను. కానీ అన్ని కుండలను ఏది పట్టి ఉంచింది, అంత బరువును అవి ఎలా మోశాయి? ఆ ఆలోచన నన్ను కుదురుగా ఉండనీయలేదు. నాలుగో రోజు వెళ్లాను.

ఆ కుమ్మరి నాకంటే పెద్దవాడు. కుండ చేస్తూ, తిరుగుతున్న సారె ముందు నుంచి లేవలేదు.

"ఏంది దొరా, తొవ్వ తప్పినవా?"

"లేదన్నా. మా కప్పుల కుండలు ఎట్ల బోర్లించిన్రో అడుగుదామని వచ్చిన."

మా ఇంట్లో ఎవరూ ఆ గడపలో 'అన్నా' అనలేదు. సారె ఆగింది.

"మా తాత చేసిండు, వెట్టికి. గా పని ఒడిసేదాక మా ఇంట్ల అన్నం వండనీకి కుండ మిగల్లేదని మా అవ్వ చెప్పేది."

ఆయన ఒక కుండ నా చేతికిచ్చాడు.

"గీసారి కూలికి చేస్త. కూసో, చూపిస్త."

నేల మీద కూర్చున్నాను.

కొత్త ఇంటి కప్పు మీద ఇప్పుడు ఆయన కుండలున్నాయి, పడమటి గోడకు చిన్న కిటికీ ఒక్కటే ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లెవరూ ఆగి చూడరు. లోపలికి వచ్చినవాళ్లు మాత్రం ఇంత చల్లగా ఎట్లుందని అడుగుతారు. కుమ్మరి ఇంటికి తొవ్వ చెబుతాను.