అచ్చుకు ముందు మార్చవలసిన పేరు

హెడ్‌ఫోన్లలో ఆ పిల్ల గొంతు మరీ దగ్గరగా వినిపించింది, నా చెవి పక్కనే కూర్చుని చదువుతున్నట్టు. శనివారం ఉదయం, కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నలుగురైదుగురు రచయితలం కలిసి బడి పిల్లలకు ఆన్‌లైన్‌లో కథలు రాయడం నేర్పుతున్నాం. నా వంతుకు ఆరుగురు వచ్చారు. వాళ్ళలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తన కథ పైకి చదువుతోంది. పక్క ఫ్లాట్ ఆంటీ, తాగి వచ్చిన భర్తను తలుపు బయటే నిలబెట్టిన కథ. బాగా రాసింది. కాకపోతే మొదటి వాక్యంలోనే ఆ ఆంటీ పేరు, ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు వరసగా నా చెవిలో పడ్డాయి. "ఆగమ్మా, అది నిజం పేరేనా?" అన్నాను. "అవును మేడమ్, నిజం పేరైతేనే ఫీల్ వస్తది" అంది. ఆ మాట నాకు కొత్త కాదు. సరిగ్గా అదే సంగతి నాకు నేర్పిన మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన్ను తలుచుకుంటే ముందు దండం పెట్టాలనిపిస్తుంది, వెంటనే ఒళ్ళు మండుతుంది.

ఆయన పేరు పురుషోత్తం గారు. డెబ్బైల్లో వారపత్రికల్లో సీరియళ్ళు రాసేవారు. కోస్తా నుంచి వచ్చి పట్నంలో స్థిరపడ్డ మనిషి. వేరే ఉద్యోగం లేదు, కలమే ఆధారం. ఆ రోజుల్లో ఒక వారపత్రిక వాళ్ళు రచయితలకు బడి పిల్లలను అప్పగించే పని మొదలుపెట్టారు. పిల్లలు నెలకొక కథ రాసి పోస్టులో పంపాలి, రచయిత దిద్ది తిప్పి పంపాలి, బాగా కుదిరినవి పత్రికలో వేస్తారు. అప్పటి కొండాపూర్ అంటే నాలుగు వీధులు, జొన్నచేలు, సీతాఫలం చెట్లు, రాయదుర్గం వైపు ఎంత దూరం చూసినా బండలు. పట్నం నుంచి సైకిలు మీద వచ్చే మా తెలుగు సారు నా కథ ఒకటి నాకు చెప్పకుండానే ఆ పత్రికకు పంపారు. నేను తొమ్మిదో తరగతి. మా ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

మొదటి కవరు తిరిగి వచ్చినప్పుడు నా కథను నేనే గుర్తుపట్టలేకపోయాను. సగం కొట్టేసి ఉంది. "సాయంత్రం ఎంతో అందంగా ఉంది అని రాశావు. నేను మీ ఊరు చూడలేదమ్మా. అందం నీ దగ్గరే ఉంచుకుని, ఆ వేళకు బండలు ఏ రంగులో ఉంటాయో నాకు చెప్పు" అని మార్జిన్‌లో రాశారు. కోపంతో కవరు ఇంటి చూరులో దోపేశాను. మర్నాడు సాయంత్రం మాత్రం మేకలను తోలుకొస్తూ బండల ముందు నిలబడిపోయాను. అవి అన్నీ ఒకే రంగులో లేవు. ఎండ తగిలినవి కాల్చిన వేరుశనగ తొక్కల్లా ఉన్నాయి, నీడలోవి నల్లగా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి వాటి మధ్యే తిరుగుతున్నాను, ఒక్కసారీ చూడలేదు. నాకు కళ్ళు ఇచ్చింది ఆయనే. ఇది ఒప్పుకోకుండా మిగతాది రాయడం అన్యాయం.

ఆ తర్వాతి కథలో కథానాయికకు సరళ అని పేరు పెట్టాను. ఆయన సీరియళ్ళలో అందరూ సరళలు, సుజాతలే కదా, మెచ్చుకుంటారనుకున్నాను. "ఈ సరళ ఎవరు? మీ ఊళ్ళో ఉందా?" అని చీవాట్లు వచ్చాయి. "ముందు అసలు మనిషిని అసలు పేరుతోనే రాయి. పేరు మార్చావంటే నీ చెయ్యి వెంటనే అబద్ధాలు మొదలుపెడుతుంది. కథంతా అయ్యాక, అచ్చుకు వెళ్ళేముందు ఇద్దరం కలిసి పేర్లు మారుద్దాం. అది ఆఖరి పని" అని రాశారు. అది ఆయన పద్ధతి. నేను దాన్ని కళ్ళకద్దుకున్నాను.

మా వెనకింట్లో యాదమ్మ ఉండేది. పిల్లాజెల్లా లేని మనిషి, ఊరికంతా మంత్రసాని. మా అమ్మకు నన్ను, నా ఇద్దరు తమ్ముళ్ళను కాన్పు చేసింది ఆమే. ఒకరోజు నన్ను ఇంట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ఎడమ ముంజేతి మీద పాలిపోయిన మచ్చ చూపించింది. దాని మీద కాగిన నీళ్ళు పడి బొబ్బ లేచినా ఆమెకు తెలియలేదట. ఊళ్ళో పెద్దరోగం అంటారే, కుష్ఠు, అదేమోనని భయపడుతోంది. "కూకట్‌పల్లి దిక్కు దవాఖాన ఉన్నదట బిడ్డా. నీకు సదువొచ్చు గద, జర నాతోని వస్తవా? డాక్టరు ఏం రాస్తడో సదివి చెప్పు" అంది. నిజాంపేటలో ఉన్న ఆమె అక్క ఇంటికి వెళ్తున్నామని ఇంట్లో చెప్పి, పొద్దున్నే నడిచి వెళ్ళాం. భయపడినదే నిజమైంది. డాక్టరు మాత్రం ఆమె చేతిని మామూలుగా తన చేతిలోకి తీసుకుని చూశాడు. "మొదట్లోనే వచ్చావమ్మా, ఇది నీ దగ్గర నుంచి ఎవరికీ అంటదు. గోలీలు మానకు, నయమైపోతుంది. నీ పని నువ్వు చేసుకో" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు యాదమ్మ దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే నడిచింది. ఊరు కనబడగానే వదిలేసి, "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. గీ చేతులతోనే నేను బతికేది" అంది. చెప్పనని ఒట్టు పెట్టాను.

ఒట్టు పెట్టిన నెలకే ఆ కథ రాశాను. నన్ను నేను వెనకేసుకు రాను. కాగితం మీద రాయడం చెప్పడం కాదనుకున్నాను. చదివేది ఎక్కడో పట్నంలో ఉన్న పురుషోత్తం గారు ఒక్కరే అనుకున్నాను. పేర్లు ఎలాగూ మారుస్తాం కదా అనుకున్నాను. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. లోపల ఉన్నది ఒక్కటే, అంత మంచి కథ నాకు ఇంకెప్పుడూ దొరకదని తెలుసు. యాదమ్మ పేరు, మా ఊరి పేరు, మచ్చ, బొబ్బ, డాక్టరు చెప్పిన మాట, ఏదీ వదలకుండా రాసి పంపాను. ఈసారి ఆయన ఒక్క మాట కూడా కొట్టేయలేదు. "ఆదివారం మీ మాస్టారితో మా ఇంటికి రా" అని కార్డు రాశారు.

ఆయన ఇంట్లో ముందుగది నిండా పుస్తకాలు. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. ఆయన భార్య స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది, అది నేను తాగిన మొదటి కాఫీ. "నలభై ఏళ్ళొచ్చినా నేను ఇలాంటిది రాయలేదండీ" అని ఆయన మా సారుతో అంటుంటే నా కాళ్ళు నేలమీద ఆనలేదు. అప్పుడు రాస్తున్న తన నవల గురించి కూడా చెప్పారు. అది వాళ్ళ ఇంటి కథేనట. "పేర్లకే మూడు నెలలు పట్టిందమ్మా. ఊరు కూడా మార్చేశాను. మా వదినగారు పత్రిక వదలకుండా చదువుతారు, గుర్తుపట్టారంటే మా అన్నయ్య నన్ను గడప తొక్కనిస్తాడా?" అని నవ్వారు. మేమూ నవ్వాం. "మరి నా కథకు పేర్లండీ?" అని అడిగాను. "అదంతా నేను చూసుకుంటానమ్మా. నువ్వు పరీక్షలకి చదువుకో" అన్నారు. నేను నమ్మాను.

నెల తిరక్కుండా ఒక ఉదయం ప్రార్థన అయ్యాక తెలుగు సారు పత్రిక పట్టుకుని ముందుకు వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. పక్కన నన్ను నిలబెట్టుకుని, బడి మొత్తానికి నా కథ చదవడం మొదలుపెట్టారు. "కొండాపూర్ మంత్రసాని యాదమ్మ" అన్నారు మొదటి వాక్యంలోనే. పిల్లల వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సారు ఆ ఊరివారు కారు, యాదమ్మ ఎవరో ఆయనకు తెలియదు. నేను ఆయన చొక్కా పట్టి లాగాను. సిగ్గు పడుతున్నాననుకుని ఆయన ఇంకా గట్టిగా చదివారు. ఆ వరసల్లో సగంమందిని ఈ లోకంలోకి తెచ్చిన మనిషి గురించి వాళ్ళందరూ చివరిదాకా విన్నారు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. మా అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "నిన్ను మొదట పట్టుకున్న చెయ్యి గదే. గా చెయ్యి మీదనే రాసినవా?" అంది, అంతే. ఆ వారంలోనే మా వీధిలో ఒక కాన్పు వచ్చింది. యాదమ్మను పిలవలేదు, పక్క ఊరి నుంచి వేరే మనిషిని బండిలో తీసుకొచ్చారు. కాన్పు బాగానే జరిగింది, తల్లీబిడ్డా క్షేమం. యాదమ్మ లేకపోయినా జరుగుతుందని ఊరికి తెలిసిపోయింది. ఆ తర్వాత బావి దగ్గర ఆమెను చూసి అందరూ పక్కకు తప్పుకోవడం మొదలైంది. పండక్కి ఇచ్చే చీర ఆ ఏడాది ఎవరూ ఇవ్వలేదు. నేను రెండుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఒకరోజు చూస్తే తలుపుకు తాళం. నిజాంపేటకు అక్క దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు.

పురుషోత్తం గారికి ఏడుస్తూ ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. "యాదమ్మ అన్న పేరులోనే ఆ కథ ప్రాణం ఉంది. వేరే పేరు పెట్టి చూశాను, చచ్చిపోయింది. నాకు మనసొప్పలేదు. రచయితకు ఇలాంటి నొప్పులు తప్పవమ్మా, అలవాటవుతుంది. తర్వాతి కథ ఎప్పుడు పంపుతున్నావు?" అని ఉంది. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో! వదినగారికి నొప్పి కలగకుండా మూడు నెలలు వెతికిన మనిషికి యాదమ్మ కోసం ఒక్క పూట దొరకలేదు. పేరు బయటపడితే ఏమవుతుందో తెలియక చేసిన పని కాదది. పత్రిక చదివే ఇళ్ళలో యాదమ్మలు ఉండరని ఆయన ధైర్యం. నేను జవాబు రాయలేదు.

డిగ్రీ రెండో ఏడులో ఉండగా గుండె గట్టి చేసుకుని నిజాంపేట వెళ్ళాను. యాదమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. గోలీలు ఎప్పుడో మానేసిందట. "దవాఖానకు పోంగ ఈడోళ్ళు గూడ చూస్తే? ఇగ ఏడికి పోవాలె?" అంది. మళ్ళీ ఆమే అడిగింది, "గా కథ నాకు ఎవ్వరు సదివి చెప్పలే. ఏం రాసినవు బిడ్డా?" అని. ఆ కథ నాకు పొల్లు పోకుండా వచ్చు. అక్కడే, అరుగు మీద, మొదటి నుంచి చెప్పాను. గింజలు తీయడం ఆపి వింది. డాక్టరు మాటల దగ్గరికి రాగానే నన్ను ఆపింది.

"ఎవ్వలకు అంటదన్నడు గద, గీ మాట గూడ రాసినవా?"

"రాసిన."

"మరి గది ఎవ్వలు సదువలేదా?"

"నా పేరు కాడనే ఆగిండ్రు" అని తనే అనుకుని, మళ్ళీ చింతపండు ముందుకు జరుపుకుంది. నన్ను తిట్టలేదు, తినకుండా వెళ్ళనివ్వలేదు కూడా. తను ముట్టుకోకుండా అక్క చేత వడ్డించింది.

పురుషోత్తం గారు పోయినప్పుడు సంతాపసభలో నన్నూ మాట్లాడమన్నారు. బండల రంగుల సంగతి చెప్పాను. సభలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. యాదమ్మ ఊసు ఎత్తలేదు. పోయిన మనిషి గురించి ఏం మాట్లాడతాంలే అని సర్దుకున్నాను. ఆ సర్దుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నానేమో.

ఇప్పటికీ మొదటి ప్రతి అసలు పేర్లతోనే రాస్తాను. ఆయన చెప్పింది నిజం, ఇంకోలా రాస్తే నా చెయ్యి అబద్ధాలాడుతుంది. ఆయన తప్పు నేర్పి ఉంటే ఎప్పుడో వదిలించుకునేదాన్ని. ఇదీ అలాగే రాశాను, రెండు రోజుల్లో అయిపోయింది. పేర్లకు మాత్రం నెల పైనే పట్టింది. పురుషోత్తం అన్నది ఆయన పేరు కాదు. ఆయనకు పిల్లలున్నారు, మనవలున్నారు, చదివితే నొచ్చుకుంటారు. యాదమ్మ అన్నదీ ఆమె పేరు కాదు. నొచ్చుకోవడానికి ఆమె తరఫున ఎవరూ మిగల్లేదు, అయినా మార్చాను. ఊరి పేరు మాత్రం ఉంచేశాను, ఆ ఊరిని గుర్తుపట్టేవాళ్ళు ఈ కొండాపూర్‌లో ఇప్పుడు ఎవరున్నారు కనుక? ఆమె అసలు పేరు అచ్చులో ఒకే ఒక్క చోట, ఆ పాత వారపత్రికలో ఉంది. దాని పైన నా పేరుంది.