చిన్నక్క చెవిలో ఫ్యాను

మా అవ్వ పేరు చిన్నక్క. ఆమెకు ఈ లోకంలో ముఖ్యమైనవి రెండే: చేనులో ఉన్న గొర్రెల దొడ్డి, ఆ దొడ్డి పక్కన కొట్టంలో ఆమె నులక మంచం. ఊళ్ళో మాకు స్లాబు ఇల్లు ఉంది. అందులో అమ్మ, నాయన, నేను ఉంటాం. అవ్వ మాత్రం పొద్దునా సాయంత్రం వచ్చి, తిని, మా అమ్మ వంటకు వంకలు పెట్టి, మళ్ళీ చేనికి వెళ్ళిపోతుంది. మా తాత నారాయణప్ప పోయినప్పటి నుంచీ ఇదే వరస.

మా ఊరు కుందుర్పి పక్కన. మా వైపు వాన రాదు గానీ గాలి మాత్రం పిలవకుండా వస్తుంది. ఆ గాలి కోసమే కంపెనీవాళ్ళు వచ్చి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారు. మేము వాటిని ఫ్యాన్లు అంటాం. వాటిలో ఒకటి సరిగ్గా అవ్వ దొడ్డికి ఎదురుగా లేచింది. దాని రెక్కల నీడ మధ్యాహ్నం పూట గొర్రెల వీపుల మీద తిరుగుతుంటే మొదట్లో గొర్రెలు బెదిరేవి. తరువాత వాటికి అలవాటైపోయింది. మా అవ్వకు కాలేదు.

ఎందుకంటే ఆ ఎండాకాలంలోనే ఆమె చెవిలో గుయ్యిమనడం మొదలైంది.

"ఆ ఫ్యాను నా సెవిలోకి దూరిండాది మే" అంది ఒకరోజు నాతో, వేలితో చెవి కుదుపుకుంటూ.

నాకు ఆశ్చర్యం వేసింది. తొమ్మిదో తరగతి దాకా చదివాను, చెవిలోకి చీమ దూరుతుందని తెలుసు, ఫ్యాను దూరుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె చెవికి నా చెవి ఆనించి చాలాసేపు విన్నాను. ఆముదం వాసన తప్ప ఏమీ తెలియలేదు.

"ఏమీ ఇనపడలేదే అవ్వా."

"నీకెట్ల ఇనపడతాది? నీది మట్టి సెవి."

ఫ్యాన్లకు కాపలా ఉండే వాచ్‌మన్ ఇమ్మానుయేల్ పక్క ఊరివాడు. అవ్వ నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"ఏమప్పా ఇమ్మానుయేలూ, దీని స్విచ్చి యాడుండాది?"

"ఈడ లేదు పెద్దమ్మా. చెన్నైలో కంప్యూటర్లో ఉండాది."

"గాలి మాది, సెవి నాది, స్విచ్చి చెన్నైలోనా! వానికి ఫోన్ కొట్టు."

"వానికి తమిళం తప్ప రాదు పెద్దమ్మా."

"నాకు తిట్టేది వస్తే సాలు. నువ్వు కొట్టు."

ఇమ్మానుయేల్ కొట్టలేదు. అవ్వ ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని తీర్పు చెప్పేసింది. "ఆ ఫ్యాను నిలిస్తే నేను సేన్లోనే ఉంటా. నిలవకపోతే గొర్రెలన్నీ శ్రీరంగప్పకు అమ్మేస్తా. వచ్చి మీ అరుగు మీద కూచుంటా, సచ్చేదాకా."

శ్రీరంగప్ప అంటే మా చుట్టుపక్కల ఊళ్ళలో గొర్రెలు కొనే వ్యాపారి. మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అత్త రోజంతా అరుగు మీద కూర్చుంటే తన కూరల గతేమిటని ఆమె భయం. నా భయం వేరు. అవ్వ గొర్రెలు లేకుండా ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను. కాలు బెణికి పది రోజులు ఇంట్లో పడుకున్నప్పుడు గోడ మీద బల్లిని "హెయ్, హెయ్" అని అదిలించి మూలకు తోలింది. మూడోరోజుకు అన్నం సహించలేదు, ఆరోరోజుకు మాట కూడా తగ్గింది. తిట్లు తగ్గిన అవ్వను చూడటం నాకు ఇష్టం లేదు.

అందుకని నేను పరిశోధన మొదలుపెట్టాను. పొద్దున్నే టీ తీసుకుని చేనికి వెళ్ళి, "అవ్వా, ఈపొద్దు ఎంతుండాది?" అని అడిగేదాన్ని. మేమిద్దరం కలిసి ఒక కొలత పెట్టుకున్నాం. బాగా తక్కువైతే దోమ. దానికంటే ఎక్కువైతే కీచురాయి. ఆ పైన మిక్సీ. అన్నిటికంటే పైన బోరు వేసే లారీ.

కొన్నాళ్ళు అడిగేసరికి నాకు తల తిరిగింది. జలుబు చేసిన రోజు మిక్సీ. నిద్ర సరిగ్గా పట్టని మరునాడు మిక్సీ. మా అమ్మతో గొడవపడిన రోజు, ఎవరు గెలిచినా సరే, బోరు లారీ. అన్నిటికంటే వింత ఏమిటంటే, గాలి బాగా వీచి ఫ్యాను గిరగిరా తిరిగే రోజు దోమో కీచురాయో. గాలి పడిపోయి రెక్కలు కదలని మధ్యాహ్నం మిక్సీ.

"ఇదేం లెక్క అవ్వా? తిరగనప్పుడే ఎక్కువ ఉండాదే!"

"నిలిచినప్పుడు అది లోపల గురక పెడతాండాది. మీ నాయన మాదిరి."

మా నాయన గురక సంగతి మాత్రం నిజమే.

ఇంతలో అవ్వ మొక్కులు ఫలించాయో ఏమో, ఫ్యాను తలలో ఏదో విరిగింది. బాగు చేయాలంటే పెద్ద క్రేను రావాలట, అది ఎక్కడో కర్ణాటకలో ఉందట, వచ్చేసరికి నెలకు పైగా పడుతుందట. అవ్వ తలస్నానం చేసి, గుట్ట ఎక్కి, ఫ్యాను స్తంభం మొదట్లో టెంకాయ కొట్టింది.

"కంపెనీ సొమ్ము పాడైతే టెంకాయ కొడతావా పెద్దమ్మా?" అన్నాడు ఇమ్మానుయేల్. అంటూనే ఒక చిప్ప తీసుకుని తినేశాడు.

ఆ వారమంతా అవ్వ ఊరంతా తిరిగి చెప్పింది. గుయ్యి పోయిందని, చెవి కడిగిన గిన్నెలాగా ఉందని. నేను కూడా నమ్మాను. కానీ ఆమె నా పాత ఫోన్ అడిగి తీసుకుంది. మరునాడు చేనికి వెళ్తే ఆ ఫోన్ మంచం మీద తలగడ పక్కన పెద్దగా మోగుతోంది. కన్నడ రేడియోలో ఎవరో పట్టుపురుగులకు వచ్చే రోగాల గురించి చెబుతున్నారు.

"పట్టుపురుగులు సాకుతావా అవ్వా?"

నేను ఫోన్ కట్టేశాను. గాలి లేదు, ఫ్యాను లేదు, గొర్రెలు మేతకు పోయాయి. కొట్టంలో నిశ్శబ్దం. అవ్వ ముఖం చూస్తుండగానే ముడుచుకుపోయింది.

"పెట్టు మే, దాన్ని మళ్ళీ పెట్టు" అంది. తరువాత, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "బోరు లారీ. అది నిలిచినప్పట్నుంచీ బోరు లారీనే. ఫ్యాను కాదు మే. నాలోనే ఉండాది" అంది.

ఆ మాట అన్నాక ఆమె చేసిన పని, ఆ నిశ్శబ్దంలో ఇక చేనులో ఉండలేనంటూ శ్రీరంగప్పకు ఫోన్ చేయడం. ఆదివారం వస్తానన్నాడు.

ఆదివారానికి ముందే నేను ఆమెను బస్సెక్కించి అనంతపురం తీసుకెళ్ళాను. చెవి డాక్టరమ్మ పేరు చంద్రిక. ముందు ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అవ్వ నొక్కిన బటన్ వదలలేదు.

"ఇంకా మొదలుపెట్టలేదమ్మా" అన్నాడు పరీక్ష చేసే అబ్బాయి.

"నాకు ఎప్పుడో మొదలైంది నాయనా" అంది అవ్వ.

మళ్ళీ మొదటి నుంచి, నిదానంగా నేర్పి చేశారు. డాక్టరమ్మ కాగితం చూసి, సన్నటి శబ్దాలు అవ్వకు వినిపించడం తగ్గిందని, బయటి శబ్దం తగ్గినచోట మెదడే ఒక హోరు తయారుచేసుకుంటుందని చెప్పింది. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే అదే పెద్దగా తోస్తుందట. ఫ్యాను చప్పుడు దాన్ని కొంచెం కప్పిపెట్టేదట.

"తగ్గుతాదా, పెరుగుతాదా? అది చెప్పు తల్లీ" అంది అవ్వ.

"ముందే చెప్పలేనమ్మా. పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. చాలామందికి కొన్ని నెలలకు శబ్దం అట్లానే ఉన్నా, దాని బాధ తగ్గుతుంది. కొందరికి తగ్గదు. మరీ నిశ్శబ్దంలో ఉండొద్దు. నిద్ర చూసుకో. ఇంకొకటి, అస్తమానం ఎంత ఉంది, ఎంత ఉంది అని దాన్ని వెతుక్కోవద్దు."

అవ్వ కుర్చీలోనే నా వైపు తిరిగింది. "ఇన్నావా? పొద్దున లేస్తే ఎంతుండాది, ఎంతుండాది! ఇదిగో తల్లీ, నా జబ్బు ఇదే. దీనికేమన్నా మాత్ర ఉంటే ఇయ్యి."

డాక్టరమ్మ నవ్వి, ఆరు నెలల తరువాత మళ్ళీ రమ్మంది. బస్సులో అవ్వ ధర్మవరం పట్టుచీర కట్టుకున్న ఒకామెతో కళ్యాణదుర్గం దాకా మాట్లాడుతూనే ఉంది. నేను ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటానికి నా నాలుక కొరుక్కోవలసి వచ్చింది.

తగ్గుతుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు కాబట్టి అవ్వ తన మాట మార్చుకోలేదు. ఆదివారం శ్రీరంగప్ప టవలు భుజాన వేసుకుని దొడ్డి దగ్గరికి వచ్చాడు.

మా వైపు గొర్రెల బేరం నోటితో జరగదు. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు చేతులు కలిపి, మీద టవలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చూసేవాళ్ళకు ముఖాలు తప్ప ఏమీ తెలియదు. ఆడవాళ్ళు ఈ బేరానికి కూర్చోరు. మా తాత పోయాక అవ్వ కూర్చుంది. మొదట్లో సంతలో నవ్వారట. ఒకట్రెండు బేరాలయ్యాక నవ్వడం మానేసి చేతులు జాగ్రత్త చేసుకున్నారట.

"చెయ్యి కడుక్కున్నావా అప్పా?"

"కడుక్కున్యా చిన్నక్కా. నువ్వు గోర్లు తీసుకున్నావా? పోయినసారి గీరినావు."

టవలు పడింది. ఇక మాటల్లేవు. ఇమ్మానుయేల్ కూడా దిగి వచ్చి నోరు మూసుకుని నిలబడ్డాడు. గాలి లేదు. గుట్ట మీద రెక్కలు బిగుసుకుని ఉన్నాయి. గొర్రెలు తలలు కలిపి ఎండకు నిలబడిపోయాయి. అంత నిశ్శబ్దంలో అవ్వకు ఎలా ఉంటుందో అని నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె కళ్ళు సన్నం చేసింది. శ్రీరంగప్ప భుజం కదిలింది. అవ్వ పెదవి ఒక పక్కకు వంచింది. అతను నిట్టూర్చాడు. ఆమె అడ్డంగా తల ఊపింది. ఇలా చాలాసేపు నడిచింది. శ్రీరంగప్పకు చెమట పట్టింది. ఆమెకు పట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆమె ముఖం పెళ్ళి భోజనంలో కూర్చున్నట్టుగా ఉంది.

ఉన్నట్టుండి అవ్వ చెయ్యి లాగేసుకుంది.

"ఏమైందక్కా?"

"గుయ్యి యాడికి పోయిండాది?"

శ్రీరంగప్ప టవలు దులిపి చూశాడు, పాపం.

అవ్వ చెవి మీద చెయ్యి పెట్టుకుని వింది. "ఆఁ, వచ్చె. అడిగేసరికి వచ్చె" అంది. కానీ ఆమె ముఖం ముడుచుకోలేదు. గుట్ట వైపు చూసింది, ఫ్యాను ఆగే ఉంది. నా వైపు చూసింది, నేను ఏమీ అడగలేదని రెండు చేతులూ ఎత్తి చూపించాను. "ఇంతసేపు లేదు మే. ఉంటే నాకు ఇనపడలా. ఫ్యానూ లేదు, రేడియో లేదు, అయినా ఇనపడలా."

"ధర కుదిరిందా లేదా చిన్నక్కా?"

"ఈపొద్దు అమ్మనప్పా. నువ్వు పో."

"మరి ఎందుకు పిలిచినావు? ఇంత ఎండలో!"

"బేరానికి పిలిచినా. అమ్మేదానికి పిలిచినానా?"

శ్రీరంగప్ప ఇమ్మానుయేల్‌తో ఏదో గొణుగుతూ బండి ఎక్కాడు.

ఇది కథ కాబట్టి ఆ రోజుతో అవ్వ చెవి బాగైపోయిందని రాస్తే బాగుంటుంది, కానీ బాగవలేదు. క్రేను వచ్చి ఫ్యాను తిరగడం మొదలయ్యాక కొంచెం నెమ్మదించింది. వానల ముందు జలుబు చేసి మళ్ళీ బోరు లారీ దాకా పోయింది. ఆ వారం గొర్రెలను తిట్టిన తిట్లకు అవి కూడా చెవులు ముడుచుకున్నాయి. తరువాత దిగింది. మధ్యలో ఎప్పుడో, ఏ రోజని చెప్పలేను, ఆమె చెవి కుదుపుకోవడం మానేసింది. ఆరు నెలలకు ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ ఎలా ఉందని అడిగింది.

"ఉండాది. నేనే దాని దగ్గరికి పోతా లేను" అంది అవ్వ.

పోయిన వారం ఒక గొర్రె రెండు పిల్లలను ఈనింది. ఒకటి బలహీనంగా ఉంటే అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. అప్పుడే శ్రీరంగప్ప ఫోన్ చేశాడు. ఆమె చెయ్యి ఖాళీ లేక నేను ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. ఈసారైనా అమ్ముతావా అని అతను అడగడం నాకు కూడా స్పష్టంగా వినిపించింది.

"ఏమీ ఇనపడలేదప్పా" అని అరిచింది అవ్వ. "సెవిలో ఒకటే గుయ్యి!"

ఫోన్ పెట్టేయమని నాకు సైగ చేసి, గొర్రెపిల్ల మూతి తుడిచి, సీసా మళ్ళీ అందించింది.