చెల్లి చేతికి రాగి అల్లిక

కిడ్నీలు పాడైన మా చెల్లికి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఆ నాలుగేసి గంటలూ మంచం పక్కన ఊరికే కూర్చోలేక, ఫోన్లో వీడియోలు చూసి సన్నని రాగితీగతో నగలు అల్లడం నేర్చుకున్నాను. వేళ్లన్నీ గీరుకుపోయాక ఒక గాజు కుదిరింది.

“ఎడం సెయ్యి బోసిగా ఉందక్కా, సూడలేకపోతన్నాను. దీనికెయ్యవా?” అంది చెల్లి.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చెయ్యి అది. “దానికేటీ తొడగొద్దమ్మా” అంది నర్సు.

“ఇది మామూలు గాజులా బిగిసిపోదు, అల్లిక. డిగ్రీ సదివినదాన్ని, ఆమాత్రం తెలీదేటి?” అని ఆమె నోరు మూయించాను. మా ఊరు కవిటిలో ఇంటికి రాగానే తొడిగాను. చెల్లి మురిసిపోయి, తియ్యకుండానే పడుకుంది.

తెల్లారేసరికి మణికట్టు వాచి, తీగ చర్మంలోకి దిగిపోయి ఉంది. ఆ చేతి మీద వేలు పెడితే ఎప్పుడూ గుయ్‌మని తగిలే రక్తపు పరుగు ఆగిపోయింది. తీగ కత్తిరించి పలాస తీసుకెళ్లినా ఆ నరం మళ్లీ తెరుచుకోలేదు. డయాలసిస్ కోసం మెడలో గొట్టం పెట్టారు. కొత్త ఆపరేషన్ ఇక కుడిచేతికేనన్నారు.

చెల్లి కుడిచేతి గాజులు ఒక్కొక్కటే తీసి నా ఒళ్లో పెట్టింది. “నీ కాడే ఉంచక్కా” అంది.

ఇప్పటికీ ఆ మంచం పక్కనే కూర్చుంటున్నాను. తీగ ముట్టడం లేదు. నర్సు ఏం చెప్పినా తలూపుతున్నాను. తలూపాల్సింది ఆరోజు.