కాటుక పూసిన ఎర

1984లో పొట్ట చేత పట్టుకుని రాయచోటి నుంచి కువైట్ వెళ్ళిన నేను, 1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చిపడేనాటికి బ్నీద్ అల్ గార్‌లో చేపల వేట సామాన్లు అమ్మే దుకాణంలో స్టోర్‌కీపర్‌ని. నా పైన ఒక మేనేజర్, ఆయన పైన యజమాని. సరుకు దించుకోవడం, సర్దడం, అమ్మడం మూడూ నా పనే. ఎక్కువగా పోయే సరుకు లూర్లు. బతికిన ఎరకు బదులుగా గాలానికి కట్టే రేకు చేపలూ చెక్క చేపలూ అన్నమాట.

లూరు అమ్మడమంటే రంగు అమ్మడమే. కొనేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగాలని మేనేజర్ నేర్పాడు: ఏ వేళకు పోతున్నావు, నీళ్ళు ఎలా ఉన్నాయి, ఎంత లోతు. జవాబును బట్టి బోర్డు మీది లూరు తీసివ్వాలి. ఎండకు వెండి, మబ్బుకు బంగారం, బురదకు పచ్చ అని తెలుగులో ఒక వరస కట్టుకుని దాన్నే వల్లించేవాణ్ణి. కొనేవాడు తేల్చుకోలేకపోతే ఎర్ర తల ఉన్న వెండి చేపను చేతిలో పెట్టేవాణ్ణి. ఇన్ని కబుర్లు చెప్పే నేను ఆరేళ్ళలో ఒక్క చేపను కూడా పట్టలేదు. మా సీమలో వాన నీళ్ళకే దిక్కులేదు, ఇక సముద్రపు చేప సంగతి చెప్పేదేముంది.

సైన్యం వచ్చిన రోజు యజమాని సరుకు కొనడానికి వేరే దేశంలో ఉన్నాడు. సల్వాలోని ఆయన ఇంట్లో ముసలి తండ్రి, నెలలు నిండుతున్న భార్య, వంట చేసే రాజంపేట రమణమ్మ మాత్రమే మిగిలారు. మగతోడు ఉండాలని నేను ఫర్వానియాలోని గది వదిలి అక్కడికి మారాను. దుకాణం దోపిడీ కాకముందే ఒక గాలపు రాడ్డు, రేకు డబ్బా నిండా లూర్లు తీసుకుపోయాను. ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు. "బియ్యం తెస్తావనుకుంటే తగరం చేపలు తెచ్చినావా బాషన్నా" అని రమణమ్మ నవ్వింది.

సెప్టెంబరులో మామాకు, అంటే యజమాని భార్యకు, ఆడపిల్ల పుట్టింది. అక్టోబరు వచ్చేసరికి మా చుట్టుపక్కల ఎక్కడా పాలపొడి దొరకలేదు. రోజూ అన్నం, పప్పునీళ్ళు తిని తల్లికి పాలు తగ్గిపోయాయి. పసిదాని ఏడుపు రోజురోజుకూ సన్నబడుతుంటే ఇల్లంతా బిక్కచచ్చిపోయింది. ఒకనాడు రమణమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "బాలింతకు చేప పెడితే పాలు పడతాయన్నా. సముద్రాన్ని ఇంటి ముందర పెట్టుకోని ఏం చూస్తాండావు నువ్వు?"

ఒడ్డంతా సైన్యం చేతిలో ఉంది. మా వైపు కాపలా పోస్టుకు అధికారి ఒక నఖీబ్, అంటే కెప్టెన్ హోదా. వెళ్ళి బతిమాలితే షరతులతో ఒప్పుకున్నాడు. తెల్లవారి నమాజు అయ్యాక రాళ్ళ కట్ట మీద గంటసేపు, ఇద్దరికి మించకుండా. పడినదాంట్లో సగం పోస్టుకు. మూడు రోజులు వరసగా ఒట్టి చేతులతో తిరిగొస్తే అనుమతి రద్దు. చేపలు పట్టనివాడు కట్ట మీద నిలబడి మా కందకాలు లెక్కపెడుతున్నట్టే కదా అని ఆయన వాదన. నేను సరేనన్నాను.

మొదటి రోజు ఎర్ర తల వెండి చేప కట్టాను. గంటసేపు విసిరి లాగాను, విసిరి లాగాను. నాచు తప్ప ఏమీ రాలేదు.

రెండో రోజు ముసలాయన తానూ వస్తానన్నాడు. మేమంతా ఆయన్ని పెద్ద బాబా అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు ముత్యాల పడవల్లో మునక వేసిన మనిషి. కళ్ళలో పొరలు కమ్మి, మనిషి వస్తే నీడలాగా కనపడేది, అంతే. నా భుజం పట్టుకుని కట్ట దాకా నడిచాడు. ఏ రంగు కట్టావని అడిగితే ఎర్ర తల వెండి అని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వి, "అది మనుషులను పట్టే రంగు" అన్నాడు.

తరువాత నన్ను మోకాలి లోతులో నిలబెట్టి, కాలిగోళ్ళు కనపడుతున్నాయా అని అడిగాడు. లేదన్నాను. పాదం ఆకారమైనా కనపడుతోందా అన్నాడు. అదీ లేదు. రాత్రి వీచిన దుమ్ముగాలికి నీళ్ళు కలకబారి ఉన్నాయి, వెలుతురు ఇంకా సరిగ్గా రాలేదు. "యల్లా, మునుగు" అన్నాడు. నాకు ఈత రాదు. రాయి పట్టుకుని ఇంకాస్త లోతుకు దిగి, ఊపిరి బిగబట్టి, కళ్ళు తెరిచి పైకి చూడమన్నాడు. పైన కూర్చుని ఒక్కో లూరునూ నీళ్ళలోకి వేలాడదీస్తానన్నాడు. పోస్టు మీది సిపాయి తుపాకీ ఎత్తాడు. పెద్ద బాబా అటు చూడకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు, వాడు ఆగాడు.

మునిగాను. ఉప్పుకు కళ్ళు భగ్గుమన్నాయి. తల మీద పళ్ళెమంత వెలుతురు కనపడింది, చుట్టూ మసక. ఆ వెలుతురులోకి నా బోర్డు మీది రంగులన్నీ ఒక్కొక్కటిగా దిగాయి. వెండి చేప ఆ వెలుతురులో కలిసిపోయి కనపడకుండా పోయింది. పచ్చది మసకలో మసకైంది. నేను వందల మందికి అంటగట్టిన ఎర్ర రంగు ఎరుపే కాదు, పాత మట్టిపెంకు రంగు. చివరికి ఆయన తన జపమాల గింజ ఒకటి దారానికి వేలాడదీశాడు. నల్లది. బొటనవేలి గోరంత గింజ, అంచులు కత్తితో కోసినంత స్పష్టంగా కనపడింది. ఊపిరి అందక పైకి లేచాను గానీ, ఇంకా చూడాలనిపించి మళ్ళీ మునిగాను. ఆరేళ్ళు రంగులు అమ్మిన నాకు రంగంటే ఏమిటో ఆ పూటే తెలిసింది.

ఒడ్డున వణుకుతూ కూర్చుంటే పెద్ద బాబా చెప్పాడు. పదహారో ఏట లోతుకు మునిగినప్పుడు ఆల్చిప్ప గీసుకుని ఆయన అరచెయ్యి తెగిందట. కారే రక్తం అక్కడ ఆకుపచ్చగా కనపడిందట. తన ఒంట్లో ఏదో విషం చేరిందనుకుని హడలి పైకొస్తే, పడవ మీద అది మళ్ళీ ఎర్రగా ఉంది. "నీళ్ళు ముందు ఎరుపును తింటాయి. నలుపును చివరిదాకా తినలేవు" అన్నాడు. రెండో రోజూ ఒట్టి చేతులతోనే ఇంటికి వచ్చాం.

మిగిలింది ఒక్క రోజు. నా డబ్బాలో నల్ల లూరు ఒక్కటీ లేదు. నల్లదాన్ని ఎవరూ కొనరని నేనే తెప్పించేవాణ్ణి కాదు. రమణమ్మ విషయం విని పెట్టెలోంచి ఊరి ఆముదం సీసా తీసింది. పసిదానికి కాటుక పట్టేది ఆమే. దీపం వెలిగించి, పైన స్టీలు పళ్ళెం బోర్లించి, మసి గీకి కాగితంలో పోసింది. "నూనె కలిపితే నీళ్ళలో తేలిపోతాదన్నా, అంటుకునేదేదన్నా కావల్ల" అంది. మామా లోపలికి వెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చి ఇచ్చింది. రంగు లేని పాలిష్. దాంట్లో మసి కలిపి వెండి చేపకు మూడు పూతలు పూశాం. పసిదాని బుగ్గన చుక్క పెట్టే మసి అది.

మూడో రోజు నీళ్ళు అలాగే ఉన్నాయి. విసిరాను. నెమ్మదిగా లాగమన్నాడు పెద్ద బాబా, రాళ్ళ కింద కాచుకున్న చేప తలెత్తి చూసే వ్యవధి ఇవ్వాలట. పదో విసురో పదకొండో విసురో గుర్తులేదు, రాడ్డు ఒక్కసారిగా వంగింది. మూడు కిలోల హమూర్ చేప. ఆ వెనకే ఇంకోటి. తరువాత పొద్దు పొడిచింది. ఎండ చెంపకు తగలగానే ఆయన "నలుపు ఖలాస్, ఇప్పుడు బంగారం" అన్నాడు. మార్చిన రెండో విసురుకు చిన్న చేప పడింది. కళ్ళు కనపడని మనిషి చెంపతో రంగు చెబుతుంటే నేను చెప్పింది చెప్పినట్టు కట్టాను.

నఖీబ్ పెద్ద హమూర్ తీసుకుని, అనుమతి కొనసాగించాడు. రెండోది రమణమ్మ చారుగా కాచింది. రోజూ అలా పెట్టగా నాలుగో రోజుకు మామాకు పాలు పడ్డాయి. పసిదాని ఏడుపులో గట్టితనం వచ్చింది. మాకు అంత ఇంపైన చప్పుడు ఆ శీతాకాలంలో ఇంకోటి లేదు. సముద్రంలోకి మందుపాతరలు వచ్చి, కట్ట పూర్తిగా మూసేదాకా మేం వేటకు పోతూనే ఉన్నాం.

యుద్ధం ముగిశాక అదే దుకాణంలో మేనేజర్‌నై, అక్కడే రిటైరయ్యాను. నా కింద చేరిన ప్రతి సేల్స్‌మన్‌నూ మొదటి వారమే సముద్రానికి తీసుకుపోయి, నీళ్ళలో ముంచి పైనుంచి లూర్లు వేలాడదీశాను. ఇద్దరు మరుసటి రోజు పనికి రాలేదు. వచ్చినవాళ్ళకు ఇక నేర్పవలసినది పెద్దగా ఉండేది కాదు. కొనేవాడి కంటికి నచ్చే రంగు ఒకటి, చేపకు కనపడే రంగు ఒకటి. రెండోది తెలియాలంటే చేప ఉన్నచోటికి దిగి తలెత్తి చూడాలి.