ఎదుటి పార్టీ కాపలా

టీవీలో నాయకులు దేశం ప్రపంచంతో పోటీ పడాలని మొదలుపెడితే నాకు మా సర్పంచ్ గారే గుర్తొస్తారు. తూకం పెరగాలని మిర్చి బస్తాలకెత్తే ముందు నీళ్లు చల్లడం మా ఊరి అలవాటు. బూజు పట్టి, విదేశానికి వెళ్లిన సరుకు ఒకసారి తిరిగొచ్చింది. తప్పు మీదంటే మీదని ఊళ్లోని రెండు పార్టీలూ కొట్టుకోబోయాయి.

సర్పంచ్ గారు మధ్యలోకొచ్చి, ఎదుటి పార్టీవాళ్లమైన మాతో, “మా కళ్లాల దగ్గర మీరు కాపలా కూర్చోండి, మీ కళ్లాలకు మావాళ్లొస్తారు. విదేశంలో పార్టీ ఎవరడుగుతారండీ, ఇండియా కాయ బాగోలేదంటారు” అన్నారు.

ఎదుటి పార్టీ కళ్లు కదా, చెంబెడు నీళ్లు కూడా పడనివ్వలేదు. ఆ ఏడు ఓడెక్కిన కాయ వెనక్కి రాలేదు.

ఆవిడకు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఓటెయ్యరు. కొత్త కారం పట్టించిన రోజు మొదటి డబ్బా మాత్రం ఆవిడ ఇంటికే వెళుతుంది.