బావి ఈత

మా ముత్తాత గురజాల పక్కన మూడు ఊళ్లకు మునసబు. మా తాత గుర్రం మీద తప్ప పొలానికి వెళ్లేవారు కాదు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, అండమాన్‌లో పగడాలు చూపించే పడవ ఎక్కి, అందరిలా రబ్బరు ట్యూబు పట్టుకుని తేలడం నాకు నచ్చలేదు. "మా సొంత బావిలో పదేళ్లకే ఈత నేర్చాను" అని గైడుకు చెప్పి సముద్రంలోకి దూకాను.

కళ్లకు అద్దాలు, నోట్లో గాలి గొట్టం. ఎంత ఈదినా నాకు అలలు తప్ప ఏమీ కనబడలేదు. ట్యూబుల వాళ్లేమో చేపలు చేపలంటూ కేకలు పెడుతున్నారు. గైడు ఈదుకుంటూ వచ్చి నవ్వాడు.

"ఏంది బాబాయ్, తల పైకెత్తి ఈదుతున్నారు? మాటను బట్టి మీది మనవైపేగా! మాది నడికుడి, మెకానిక్ మస్తాన్ కొడుకుని. నేనూ బావిలోనే నేర్చుకున్నా."

"బావిలో అట్టాగే ఈదాలి గదయ్యా. నీళ్లపాము ఎటు నుంచి వస్తదో!"

"ఇక్కడ చూడాల్సింది చానా ఉంది, అంతా కిందే ఉంది. ముఖం ముంచండి" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

విదిలించుకోబోయి, ముఖం ముంచాను. కింద పగడాలు మిరప కల్లంలా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. పసుపుపచ్చ చేపల గుంపు నా వేళ్లను రాసుకుంటూ వెళ్లింది. గొట్టం నోట్లో ఉండగానే అరిచాను. ఆ తర్వాత అతని చెయ్యి నేనే వదల్లేదు.

పడవెక్కాక అడిగాడు. "మీ బావిలో ఇంకా నీళ్లున్నాయా బాబాయ్? ఈసారి నేను ఊరొచ్చినప్పుడు దూకుదాం."

"నిండా ఉన్నాయి" అన్నాను.

అది నిజమే. ఆ బావినీ, చుట్టూ ఉన్న ఆరెకరాలనూ మా నాన్న అమ్మేసి పన్నెండేళ్లయింది.